కాల్‌బ్యాక్ లోపల కాల్‌బ్యాక్... కోరుటీన్స్‌కి మారాక ఏం తేడా వచ్చింది?

ఏదో యాప్‌లో బటన్ నొక్కుతారు, చక్రం గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. పని అయ్యిందో లేదో తెలీదు. చిరాకేసి మళ్లీ నొక్కుతారు. అలాంటి యాప్ ఒకటి నేనే రాశాను. ఇవాళ ఆ కథే చెప్తా.

అది బస్ పాస్ యాప్. పనులు మూడే: ఫోటో అప్‌లోడ్ చెయ్యాలి, అప్లికేషన్ నంబర్ తెచ్చుకోవాలి, డబ్బు కట్టించాలి. మూడూ నెట్ మీద జరిగేవే. ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ గీసేదీ, మీ టచ్ తీసుకునేదీ మెయిన్ థ్రెడ్ ఒక్కటే. దాన్ని అడ్డుకుంటే, 5 సెకన్లపాటు టచ్‌కి జవాబు రాకపోతే, యాప్ స్పందించడం లేదని సిస్టమే బాక్స్ చూపిస్తుంది. అందుకని నేను కాల్‌బ్యాక్స్ వాడాను. అంటే, "పని అయ్యాక ఈ ఫంక్షన్‌ని పిలువు" అని చెప్పి పక్కకి రావడం. ఫోటో కాల్‌బ్యాక్ లోపల నంబర్, దాని లోపల పేమెంట్. ప్రతిదానికీ సక్సెస్ ఒకటి, ఫెయిల్యూర్ ఒకటి. కోడ్ మెట్లు మెట్లుగా కుడివైపు జరిగిపోయింది.

ఆ మెట్లలో మూడో ఫెయిల్యూర్‌ని ఖాళీగా వదిలేశా. తర్వాత రాద్దాంలే అనుకున్నా. ఒక అమ్మాయి డబ్బు కట్టింది, జవాబు వచ్చేలోపు నెట్ పోయింది. నా యాప్ నోరు మెదపలేదు. తను మళ్లీ కట్టింది. రెండుసార్లు డబ్బు పోయింది! తనతో మాట్లాడడానికి నాకు మొహం చెల్లలేదు.

అప్పుడు కోరుటీన్స్‌కి మారాను. కోట్లిన్ 1.3తో, 2018లో, ఇవి స్థిరపడ్డాయి. టిఫిన్ సెంటర్‌లో మాస్టర్‌ని చూడండి. పెనం మీద దోశ వేసి దాన్నే చూస్తూ నిలబడడు. అది కాలేలోపు ఇడ్లీ వడ్డిస్తాడు, కాలగానే వచ్చి వదిలిన దగ్గర్నుంచే అందుకుంటాడు. సస్పెండ్ ఫంక్షన్ కూడా అంతే. జవాబు కోసం ఆగుతుంది కానీ థ్రెడ్‌ని పట్టుకుని కూర్చోదు. ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకునే కోడ్‌ని కంపైలరే తయారుచేస్తుంది.

ఇప్పుడు నా మూడు పనులూ వరసగా మూడు లైన్లు. చుట్టూ ఒకే ట్రై, ఒకే క్యాచ్. ఏ మెట్టులో తప్పు జరిగినా అక్కడికే వస్తుంది.

రెండు జాగ్రత్తలు చెప్తా. ఒకటి, క్యాచ్‌లో అన్ని ఎక్సెప్షన్లనీ మింగెయ్యకండి. కోరుటీన్‌ని ఆపమని చెప్పే క్యాన్సిలేషన్ ఎక్సెప్షన్ కూడా అందులో పడిపోతుంది. నెట్ తప్పులకి ఐఓ ఎక్సెప్షన్‌ని మాత్రమే పట్టుకోండి. రెండు, వ్యూమోడల్ స్కోప్‌లో మొదలుపెట్టిన పని, యూజర్ ఆ స్క్రీన్ మూసేస్తే ఆగిపోతుంది. ఫోటో లోడింగ్‌కి అది మంచిదే. కానీ సర్వర్‌కి చేరిపోయిన పేమెంట్ దాంతో వెనక్కి రాదు.

అందుకే నిజం చెప్పాలంటే, డబుల్ పేమెంట్‌ని ఆపింది కోరుటీన్ కాదు. నెట్ పోతే, "ఫెయిల్ అయ్యింది" అనకుండా, అదే అప్లికేషన్ నంబర్‌తో సర్వర్‌ని అడుగుతున్నా. అదే నంబర్ రెండోసారి వస్తే సర్వర్ డబ్బు తీసుకోదు. కోరుటీన్ చేసింది ఒక్కటే: నేను దాచిపెట్టిన ఖాళీని నా కళ్ల ముందు పెట్టింది.

ఇవాళే మీ ప్రాజెక్ట్ తెరిచి, ఖాళీగా ఉన్న ఫెయిల్యూర్ ఫంక్షన్లు ఎన్ని ఉన్నాయో వెతకండి. ఎన్ని దొరికాయో కామెంట్‌లో చెప్పండి. ఉంటా మరి!