గుఱ్ఱము స్వభావము

నెల్లూరు సీమ యనగానే మనకు మేలుజాతి పశువులు జ్ఞాపకమునకు వచ్చును. ఈ తీరపు మూపురపు టెద్దులు ఓడలెక్కి బ్రెజిలు దేశమునకు పోయి, అచ్చట ‘నెలోర్’ అను పేరుతో లెక్కకు మిక్కిలిగా వృద్ధిపొందినవి. అట్లే సముద్రము దాటి మన తీరమునకు వచ్చిన జంతువు గుఱ్ఱము. పోయిన ఎద్దు వర్ధిల్లినది. వచ్చిన గుఱ్ఱము మాత్రము ఇచ్చట నిలదొక్కుకొనలేదు. దీనికి కారణమేమి?

గుఱ్ఱములు ఈ ప్రాంతమునకు క్రొత్త కావు. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చిన అవచి తిప్పయసెట్టి హురుమంజి, అనగా పారసీకపు తీరమందలి హొర్ముజు నుండి గుఱ్ఱములు తెప్పించిన వర్తకుడు. 13వ శతాబ్ది చివర ఈ తీరమునకు వచ్చిన మార్కోపోలో, మన మోటుపల్లిని గూర్చియు, నెల్లూరికి దక్షిణమున నున్న తమిళ తీరమును గూర్చియు వ్రాసెను. ఆ దక్షిణతీరపు రాజులు ఒక్కొక్కరు ఏటేట రెండువేలకు పైగా గుఱ్ఱములను కొందురనియు, ఏడాది తిరుగునప్పటికి నూరైనను మిగులవనియు అతని మాట. వాటికి మాంసముతో ఉడికించిన అన్నము పెట్టుదురట. వైద్యమెరిగిన వారిని వర్తకులు వెంట తీసికొనిరారట. గుఱ్ఱము చచ్చిననే గదా మరల బేరము! లెక్కలో కొంత అతిశయోక్తి యుండవచ్చును గాని, చెప్పిన దోషము మాత్రము నమ్మదగినదే.

గుఱ్ఱము విశాలమైన గడ్డిమైదానముల బిడ్డ. నేటి పెంపుడు గుఱ్ఱముల పూర్వులు సుమారు 4,200 ఏండ్ల క్రిందట వోల్గా, డాన్ నదుల ప్రాంతమున మచ్చికైనవని 2021లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన తెలుపుచున్నది. దినమంతయు కొంచెము కొంచెముగా పచ్చిక మేయుట దాని ధర్మము. దేహమునకు తగినంత పెద్ద జీర్ణాశయము దానికి లేదు, మ్రింగినదానిని వెళ్ళగ్రక్కనూలేదు. కనుక దాణా గాని, ఉలవగుగ్గిళ్ళు గాని ఒక్కసారి అధికముగా పెట్టినచో శూల పుట్టి ప్రాణము తీయును. అది నోటితో ఊపిరి పీల్చలేదు. ఎండవేడిమిని ముఖ్యముగా చెమటతోనే పోగొట్టుకొనును. సముద్రపు తేమగాలిలో ఆ చెమట ఆరదు. ఆరనిదే ఒడలు చల్లబడదు. పైగా చెమటతోపాటు ఉప్పును మిక్కిలిగా కోల్పోవును. కనుక నీడ, నీరు, ఉప్పు, విశ్రాంతి గుఱ్ఱమునకు భోగములు కావు, ప్రాణాధారములు.

దాని మనస్సును గూర్చియు చెప్పవలెను. గుఱ్ఱము పౌరుషమునకు చిహ్నమందుము గాని, స్వభావమున అది భీరువు. అపాయము తోచినచో పోరాడుటకంటె ముందుగా పరుగెత్తును. ఎప్పుడైనను పరుగెత్తుటకు సిద్ధముగా నుండుటకే నిలుచుండియే కునుకు తీయును. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే చుట్టును చూడగలదు గాని, సరిగా తన వెనుక నున్నదానిని చూడలేదు. చడిచప్పుడు లేక వెనుకకు పోయినవానిని తన్నుట కోపముచేత గాదు, భయముచేత. చెవులు వెనుకకు నొక్కిపెట్టినచో కినుక. ముందుకు నిక్కించినచో కుతూహలము. మందలో బ్రదుకు జంతువగుటచే ఒంటరితనము దానికి దుస్సహము. మనతో స్నేహము చేయుటకును ఆ మంద బుద్ధియే మూలము.

మన పూర్వులు ఇదంతయు ఎరుగనివారు కారు. సంస్కృతమున శాలిహోత్రుని శాస్త్రమును, తెలుగున మనుమంచిభట్టు హయలక్షణశాస్త్రమును వెలసినవి. అయితే శాస్త్రము గ్రంథమందున్న చాలదు, కళ్ళెము పట్టిన చేతిలో నుండవలెను.

నా చిన్ననాడు నెల్లూరిలో ఇంకను జట్కాబండ్లు తిరుగుచుండెను. ఒక రోహిణికార్తె మధ్యాహ్నమున మేము బండి యెక్కి రైలుకు పోవుచుంటిమి. నడిదారిలో సాయెబు బండి నిలిపి దిగి, గుఱ్ఱము చెవుల వెనుక చేయిపెట్టి చూచి, చెట్టునీడకు మళ్ళించెను. రైలు తప్పునని మా నాయన తొందరచేసిరి. “రైలు రేపు గూడా వస్తుంది సామీ. ఇది పడిపోతే మళ్ళీ లేవదు” అని అతడు బాడుగ పుచ్చుకొనకయే దాని మెడపై నీళ్ళు చల్లుచు నిలిచెను. మేము సామానులతో నడచిపోతిమి, రైలు తప్పినది. నాయన కోపము ఇంటికి వచ్చుసరికి చల్లారెను. “వాడు చేసినదే న్యాయములేరా” అనిరి.

రాజులు బంగారము పోసి కొన్న గుఱ్ఱములను నిలుపుకొనలేకపోయిరి. ఆ సాయెబు తన ముసలి గుఱ్ఱమును ఎన్ని వేసవులు దాటించెనో! పెంపుడు జంతువు మన మాట వినును, నిజమే. దాని మాట మనము వినుచున్నామా యన్నదే ప్రశ్న.