దానం ఒక్కసారి, ఆసరా పదిమందికి
(వార్షిక సమావేశంలో సంస్థ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

అనంత కరుణామయుడు, అపార కృపాశీలుడు అయిన అల్లాహ్ పేరుతో.



ఈ ఏడాది మేము చిన్న వ్యాపారులకు ఖర్జె హసన, అంటే వడ్డీ లేని అప్పు ఇవ్వడంపై ఎక్కువ దృష్టి పెట్టాం. ఎందుకో ఒక లెక్కతో చెబుతాం.

మన జహీరాబాద్‌లో బండిమీద పండ్లు అమ్మే మనిషి డైలీ ఫైనాన్స్‌లో 10,000 రూపాయలు రాయించుకుంటే చేతికొచ్చేది 9,000. రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. వాన పడి బండి కదలకపోయినా వసూలు ఆగదు. అప్పు తీరేసరికి పెట్టుబడి ఉండదు, మళ్లీ అదే గడప ఎక్కాలి. ఏడాదిలో మూడుసార్లు తీసుకుంటే 3,000 రూపాయలు వడ్డీకే పోతాయి. ఖర్జె హసనలో 10,000 తీసుకుంటే కట్టేదీ 10,000 మాత్రమే. మిగిలిన ఆ డబ్బు పిల్లల ఫీజుకో, సరుకుకో అక్కరకొస్తుంది.

బ్యాంకుకు వెళ్లొచ్చు కదా అని కొందరు అడిగారు. బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణ ఖాతాల్లో ముస్లింలవి సుమారు 12 శాతం ఉన్నా, రుణ సొమ్ములో వారి వాటా 5 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ చెప్పింది. చాలామంది దగ్గర వ్యాపారానికి కాగితమే ఉండదు. అందుకే పంక్చర్ షాపువాళ్లకు, వెల్డింగ్ పనివాళ్లకు, ఇంట్లో బట్టలు కుట్టే అక్కచెల్లెళ్లకు ఉద్యం నమోదు చేయించాం. 2020 జూలైలో మొదలైన ఈ నమోదుకు ఫీజు లేదు. సాయం కోరి వచ్చినవారి మతం మేము అడగలేదు. పక్క బండి సోదరుడికీ వడ్డీ బరువు ఒకటే.

దాతలు ఇంకో రెండు ప్రశ్నలు అడిగారు. జకాత్ సొమ్మును అప్పుగా ఇస్తున్నారా? లేదు. జకాత్ హక్కుదారుకు సొంతం కావాలి, కాబట్టి దాని ఖాతా వేరు. అప్పుల నిధి సదకా, విరాళాలతోనే నడుస్తుంది. మరి తీసుకున్నవారు కట్టలేకపోతే? ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు కలిగేదాకా గడువివ్వాలని ఖుర్ఆన్ అల్ బఖరా సూరా నేర్పుతోంది. మేము గడువిస్తాం, ఇంటికెళ్లి పరువు తీయం. కానీ శక్తి ఉండీ కట్టనివారు తమ వెనుక వరుసలో నిలబడ్డవారి వంతు ఆపుతున్నారని గట్టిగానే చెబుతాం.

ఇది కొత్త దారి కాదు. దేవ్‌బంద్‌లో 1961లో మొదలైన ముస్లిం ఫండ్ వడ్డీ లేని అప్పులిస్తూ ఎందరినో నిలబెట్టింది.

రంజాన్‌లో మీరిచ్చే రేషన్ కిట్లు తగ్గించమని మేము అడగం. ఆకలి ఆగదు. దానితోపాటు మీ సదకాలో కొంత ఈ నిధికి ఇవ్వండి. ఒక బండి దగ్గర తిరిగొచ్చిన సొమ్ము మరో కుట్టుమిషన్ కొంటుంది. మా దగ్గర అప్పు కోసం వేచి ఉన్నవారు ఇంకా ఉన్నారు. నిధి ఎంత ఉంటే అంతమందికే ఇవ్వగలం.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించి, మీ సంపాదనలో బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.