మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతోందా?

కంప్యూటర్ తెరిచిన ప్రతిసారీ జీమెయిల్ పాస్‌వర్డ్ అడుగుతోందా? కంగారు పడకండి. చాలాసార్లు కారణం కుకీలే.

లాగిన్ కాగానే ఆ సైటు మీ బ్రౌజర్‌లో ఒక చిన్న గుర్తు దాస్తుంది. అదే కుకీ. ఇంటర్వెల్‌లో బయటికెళ్లినవాళ్లు సగం టికెట్టు చూపించి మళ్లీ హాల్లోకి వస్తారు కదా, అలాంటిదే. ఆ ముక్క పోతే గేటు దగ్గర ఆపేస్తారు.

మరి కుకీ ఎందుకు పోతుంది? బ్రౌజర్ మూయగానే కుకీలు చెరిపేసే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంటుంది. ప్రైవసీ విభాగంలో చూసి, ఆన్‌లో ఉంటే ఆపేయండి. ఇన్‌కాగ్నిటో విండోలో అయితే మూయగానే కుకీలు ఎలాగూ పోతాయి. చెత్త తొలగించే క్లీనర్ సాఫ్ట్‌వేర్లు కూడా వీటిని తుడిచేస్తుంటాయి.

ఇంకోటి, తేదీ. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోతే గడియారం వెనక్కి పోతుంది. అప్పుడూ లాగిన్ చిక్కులే. బ్యాటరీ మార్పించండి.

జీమెయిల్ కాక అవుట్‌లుక్ పాస్‌వర్డ్ అడుగుతుంటే, విండోస్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, దాచిన పాత పాస్‌వర్డ్ తీసేసి, కొత్తది ఇవ్వండి.

ముందు కుకీలు, తర్వాత తేదీ, ఆ తర్వాత పాత పాస్‌వర్డ్. ఈ వరుసలో చూడండి.

ఇదంతా సొంత కంప్యూటర్‌కే. నెట్ సెంటర్‌లో మాత్రం పని కాగానే తప్పకుండా లాగవుట్ చేయండి.