చంద్రగిరి చూడకుండా సీమ గురించి ఎట్లా మాట్లాడతాం?

(పూతలపట్టులో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఈ రోజు మనం ధర్నా గురించి మాట్లాడుకోవడానికి రాలేదు. బందు తేదీ ఖరారు చేయడానికీ రాలేదు. ఒక ఆదివారం మనమంతా కలిసి చంద్రగిరికి ఎట్లా పోవాలి, పోయి ఏం చూడాలి, ఎవరిని ఏమడగాలి అనేదే ఈ పూట ముచ్చట. ఉద్యమకారులకు యాత్రలెందుకని కొందరికి అనిపించొచ్చు. ఎందుకో చెప్తాం, వినండి.

మేం డిగ్రీ చదివే రోజుల్లో రోడ్డు పక్కన టెంటు వేసుకొని రిలే దీక్షలో కూర్చున్నాం. మైకు దొరికితే చాలు, రాయలేలిన సీమ, రతనాలు రాశులు పోసి అమ్మిన సీమ అని గొంతు చించుకునేవాళ్ళం. ఒక మధ్యాహ్నం ఒక ముసలి రైతు వచ్చి మా పక్కన కూర్చున్నాడు. ఉపన్యాసమంతా విన్నాడు. విని, 'ఏం నాయనా, రాయలు రాయలంటా ఉండారే, మీలో ఎంతమంది చంద్రగిరి కోటలోకి పోయి చూసినారు?' అన్నాడు. టెంటు కింద ఇరవై మందికి పైగా ఉన్నాం. ముగ్గురు చేతులెత్తారు. ఆ ముగ్గురిలో ఒకడు బడిపిల్లోడుగా ఉన్నప్పుడు పోయినోడు. మా చేయి లేవలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ మాతోనే ఉంది. ఈ రోజు ఈ మాట ఎత్తడానికి కారణం అదే.

మన ఊరికి చుట్టాలొస్తే కాణిపాకం తీసుకపోతాం. కొంచెం తీరికుంటే తిరుపతికి పోతాం. తిరుపతికి పోయే బస్సు చంద్రగిరి మీదుగానే పోతుంది. కిటికీలోంచి కొండ కనబడుతుంది, కొండ మీద గోడ కనబడుతుంది. 'అదో కోట' అని వేలు చూపించి మళ్ళీ కునుకు తీస్తాం. గంట దూరంలో ఉన్న ఊరిని మనం చూసింది అంతమాత్రమే.

ఆ కోటలో ఏం జరిగింది? సాళువ నరసింహుడు చంద్రగిరిలో ఉండి బలం కూడగట్టుకొని 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. కృష్ణదేవరాయల తర్వాత 1529లో రాజ్యానికొచ్చిన అచ్యుతదేవరాయలు అంతకు ముందు నిర్బంధంలో ఉన్నది చంద్రగిరి కోటలోనే. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో హంపీ కూలింది. రాజధాని పెనుకొండకు వచ్చింది, అక్కడి నుంచి చంద్రగిరికి వచ్చింది, ఆ తర్వాత వేలూరుకు పోయింది. ఒక మహాసామ్రాజ్యం తన చివరి రోజులు గడిపిన ఇళ్ళలో ఒకటి మన పక్క ఊళ్ళో ఉంది.

ఇంకొక సంగతి. 1639 ఆగస్టులో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే అనే దొరకు సముద్రం ఒడ్డున కొంత నేల దక్కింది. ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆ నాయకుడు చంద్రగిరి రాయలకు లోబడినవాడు. ఆ నేల మీద లేచిందే మదరాసు. సంతకం రాజమహల్ లోనే జరిగిందని కోట దగ్గర చెప్తారు. ఏ గదిలో జరిగిందన్న వాదం మనకు వద్దు. ఆ నేల మీద పెత్తనం చంద్రగిరిదన్నది మాత్రం నిజం. చంద్రగిరి మాట మీద పుట్టిన పట్నం 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మనకు రాలేదు. మన జిల్లాలో ఉండిన తిరుత్తణి కూడా 1960లో మదరాసు రాష్ట్రంలోకి పోయింది. 1983లో అదే మదరాసు దాహం తీర్చడానికి 15 టీఎంసీల కృష్ణా నీళ్ళకు ఒప్పందం కుదిరింది. మదరాసు తాగడాన్ని మేం తప్పుపట్టడం లేదు. దాహం ఎవరిదైనా దాహమే. కానీ ఆ పట్నానికి నేలిచ్చిన చంద్రగిరి పక్కన ఏరు ఎట్లా ఉందో ఒక్కసారి దిగి చూద్దాం రండి అంటున్నాం.

ఆ ఏరు పేరు స్వర్ణముఖి. మన పాకాల దిక్కు కొండల్లో పుట్టి, చంద్రగిరిని, తిరుపతిని, శ్రీకాళహస్తిని తాకుతూ తూర్పున సముద్రంలో కలుస్తుంది. పూతలపట్టు నుంచి నాయుడుపేట పోయే రోడ్డు చాలా దూరం ఈ ఏటి తోడునే పోతుంది. చంద్రగిరి దగ్గర తొండవాడలో కల్యాణి, భీమా నదులు స్వర్ణముఖిలో కలుస్తాయి. అక్కడ అగస్త్యేశ్వరుని గుడి ఉంది, ముక్కోటి తిరునాళ్ళు జరుగుతాయి. గుడి మెట్ల మీద కూర్చొని చూస్తే ఏడాదిలో ఎక్కువ నెలలు కనబడేది నీళ్ళు కాదు, కంపచెట్లు, ఇసుక తవ్విన గుంతలు. ఒకప్పుడు ఏట్లో మూరెడు చెలమ తీస్తే నీళ్ళూరేవని, ఊటకాలువల మీద మడి పారేదని పెద్దలు చెప్తారు. ఇసుక పోయాక ఊట ఎక్కడ నిలుస్తుంది?

చచ్చిందనుకున్న ఏరు 2021 నవంబరు వానలకు లేచి నిలబడింది. తిరుచానూరు దగ్గర ఒడ్డు కోసుకపోయి కట్టిన ఇండ్లు ఏట్లోకి ఒరిగిపోయాయి. ఏటికి ఒక దారుందన్న సంగతి మనం మరిచిపోయాం, ఏరు మరిచిపోలేదు.

అందుకే మిత్రులారా, ఈ ప్రయాణానికి ఒక పద్ధతి పెట్టుకుందాం.

ఒకటి, రోజు. ఉద్యోగులున్నారు కాబట్టి ఆదివారం. శుక్రవారం మాత్రం వద్దు, ఆ రోజు కోటలో మ్యూజియానికి సెలవు. నెల విషయానికొస్తే డిసెంబరు గానీ జనవరి గానీ మేలు. ఈశాన్య వానలు వెనకబట్టి ఉంటాయి, అదృష్టముంటే ఏట్లో నాలుగు నీళ్ళు కూడా కనబడతాయి. ఎండాకాలంలో ఆ బండల మీద పెద్దవాళ్ళు నిలబడలేరు.

రెండు, ప్రయాణం. కార్లు మాట్లాడొద్దు. ఆర్టీసీ బస్సులో పోదాం, రైలు వేళ కుదిరితే కాట్పాడి–తిరుపతి లైనులో పోయి చంద్రగిరి స్టేషన్లో దిగుదాం. విద్యార్థి జేబుకు భారం కాకూడదు. కూడు ఇంటి నుంచే. చిత్రాన్నం, సంగటి, ఊరిబిండి ఎవరికి ఏది కుదిరితే అది. ఏటి ఒడ్డున కూర్చొని పంచుకొని తిందాం. తిన్న ఆకులు, కవర్లు మళ్ళీ సంచిలోనే వేసుకొని రావాలి.

మూడు, వరస. పొద్దున్నే చల్లగా ఉండగానే కోట. రాజమహల్ మూడంతస్తులది, రాణీమహల్ రెండంతస్తులది. రాజమహల్ ను రాయి, ఇటుక, సున్నంతో లేపారు, కలప వాడలేదు. ఆ కప్పు ఎట్లా నిలబడిందో ఇంజనీరింగు చదివే పిల్లలు చూసి మాకు చెప్పాలి. ఆ తర్వాత మ్యూజియం. అక్కడ బొమ్మలను చూసి వదిలేయకుండా పక్కన రాసింది కూడా చదవాలి. మధ్యాహ్నం దాటాక తొండవాడ, ఏరు. పొద్దుంటే శ్రీనివాస మంగాపురం. అక్కడి నుంచే శ్రీవారి మెట్టు దారి తిరుమలకు ఎక్కుతుంది. రాయలు చంద్రగిరి నుంచి కొండకు పోయింది ఆ దారినే అని జనం చెప్పుకుంటారు.

నాలుగు, పని. ప్రతి ఉద్యోగి ఇంటి నుంచి ఒక పెద్ద మనిషిని వెంట తీసుకురావాలి. ప్రతి విద్యార్థి ఒక నోటు పుస్తకం తేవాలి. కోట కింద ఊళ్ళో, తొండవాడలో ముసలివాళ్ళ దగ్గర కూర్చోవాలి. ఏరు ఎన్ని నెలలు పారేది, ఏ బావి ఎప్పుడు ఎండింది, ఇసుక ఎప్పటి నుంచి పోతోంది అని అడిగి వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. రాజుల సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. ఏటి సంగతి ఆ ముసలోళ్ళతోనే పోతుంది. గోడల మీద పేర్లు గీకేవాళ్ళు మాత్రం మాతో రావద్దు.

ఇంకొక మాట కొంచెం కటువుగా చెప్పాలి. మనం వేదికల మీద దత్తమండలాలు అంటుంటాం. 1800లో నిజాం కంపెనీకి దత్తం చేసిన నేలలో చంద్రగిరి లేదు. చంద్రగిరి 1782లో హైదరలీ చేతికి పోయింది, 1792 దాకా మైసూరు కిందుంది. ఆ తర్వాత ఆర్కాటు నవాబు సీమతో పాటు 1801లో కంపెనీకి పోయింది. ఉత్తరార్కాటు తాలూకాలు, కడప జిల్లా నుంచి వచ్చిన మదనపల్లె ప్రాంతం కలిసి 1911లో చిత్తూరు జిల్లా అయింది. రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారి నోట వచ్చింది. 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నప్పుడు ఆ పేరు మీదనే రాసుకున్నాం. ఈ వరస తెలియకుండా మాట్లాడితే ఎదుటివాడు ఒక్క ప్రశ్నతో మన నోరు మూయిస్తాడు. మా నోరు ఒక రైతు అట్లాగే మూయించాడు. అయితే ఆయన మనవాడు కాబట్టి ప్రేమతో మూయించాడు.

అట్లాగని రాజులను భుజాన మోయడానికి కూడా పోవడం లేదు. ఆ రాళ్ళు కొండకు ఎక్కించిన చేతులెవరివి? ఆ కోటకు వడ్లు పండించిన మడి ఎవరిది? కోటలో నిలబడి ఆ ప్రశ్న కూడా వేసుకోవాలి.

2022 ఏప్రిల్లో జిల్లాలు చీల్చాక చంద్రగిరి తిరుపతి జిల్లాకు పోయింది, మన పూతలపట్టు చిత్తూరులోనే మిగిలింది. అంటే ఇప్పుడు మనం చంద్రగిరికి పోతే జిల్లా దాటి పోతున్నట్టు. కాగితం మీద గీత మారింది. ఏరు మాత్రం గీత చూసుకొని పారదు. మన దిక్కు వంక ఎండితే అక్కడ ఏరు ఎండుతుంది.

తిరిగొచ్చాక రాసుకొచ్చిన నోటు పుస్తకాలన్నీ ఒక చోట పెడదాం. ఏటి సంగతి ఒక అర్జీగా రాసి రెండు జిల్లాల కలెక్టర్లకు ఇద్దాం. కోట సంగతి మన బడుల్లో పిల్లలకు చెప్దాం. ఇదంతా ఒక్క ఆదివారంతో అయ్యే పని కాదని మాకూ తెలుసు. మొదలు మాత్రం ఒక్క ఆదివారంతో అవుతుంది.

ఆ రైతు మళ్ళీ మాకు కనబడలేదు. ఎప్పుడన్నా ఏ టెంటు కిందికో వచ్చి అదే ప్రశ్న అడిగితే, ఈసారి చేతులు ఎత్తాల్సింది ముగ్గురు కాదు. పేర్లు ఇచ్చేవాళ్ళు ఇక్కడే, ఇప్పుడే ఇవ్వండి. చీటీ అటువైపు నుంచి పంపిస్తున్నాం.