లింగంపల్లి లోకల్ ఎక్కితే నాటకం

ఈసారి టాపిక్ కొంచెం వేరు. కిందటి నెల మా ఫ్రెండ్ వాళ్ల చెల్లెలు ఇన్‌స్టాలో స్టోరీ పెట్టింది. "మా సెమిస్టర్ నాటకం, ఎంట్రీ ఫ్రీ, ప్లీజ్ రండి" అని. ఆ "ప్లీజ్" చూసి వెళ్లాను, అబద్ధం ఎందుకు. కాలేజీ పేరు చెప్పను. హాల్లో నూట యాభై దాకా కుర్చీలు ఉంటాయి. వచ్చిన వాళ్లం ఇరవై రెండు మందిమి, లెక్కపెట్టాను. అందులో సగం మంది తర్వాతి వారం తమ నాటకం వేయబోయే స్టూడెంట్లే.

మొదటి అరగంట నాకు నచ్చలేదు. రెండుసార్లు ఫోన్ తీసి చూసుకున్నా. తర్వాత ఆ అమ్మాయి స్టేజి మీదికి వచ్చి, మైక్ లేకుండా ఒక పద్యం అందుకుంది. హార్మోనియం అబ్బాయి శృతి కొంచెం ఎక్కువ పెట్టేసినట్టున్నాడు, పైకి వెళ్లేసరికి గొంతు అందలేదు, బొంగురుపోయింది. ఆగింది. ఊపిరి తీసుకుంది. అదే పాదం కింది నుంచి మళ్లీ ఎత్తుకుంది. ఇరవై రెండు మందిమీ కదల్లేదు. రీల్ అయితే ఆ టేక్ డిలీట్ చేసేవాళ్లు కదా.

అయ్యాక పలకరిస్తే రెండు మాటలంది. ఒకటి, "అన్నా, మీరు మూడో వరసలో కూర్చున్నారు కదా, ఫోన్ తీసినప్పుడు మీ మొహం ఒక్కటే వెలుగుతూ కనిపించింది." సిగ్గేసింది. చీకటి హాల్లో మన స్క్రీన్ స్టేజి మీది వాళ్లకు ట్యూబ్‌లైట్ లాగా కనిపిస్తుందట. రెండోది, "పద్యం దగ్గర కూర్చోబెట్టి నేర్పేవాళ్లు దొరకలేదన్నా, యూట్యూబ్‌లో విని పట్టుకున్నా." ఈ ఎపిసోడ్ ఆ రెండో మాట గురించే.

మ్యూజికల్ అనగానే మనకు బ్రాడ్‌వే గుర్తొస్తుంది. మన పద్యనాటకం ఏంటి మరి? మాట మధ్యలో పాట, పాట మధ్యలో యుద్ధం. పాండవోద్యోగ విజయాలు, సత్య హరిశ్చంద్ర ఆడితే తెల్లవార్లూ జనం కూర్చునేవాళ్లు. బాగా పాడితే "వన్స్‌మోర్" అని అరుపులు. చచ్చిపోయిన పాత్ర కూడా లేచి ఇంకోసారి పాడి మళ్లీ పడుకునేదని మా తాతగారు నవ్వుతూ చెప్పేవారు. ఆ రాగాల సాగదీత మీద విమర్శలు కూడా బాగానే వచ్చాయి. నాకైతే సగం న్యాయమే అనిపిస్తుంది, రాగం తీస్తూ తీస్తూ కథ మర్చిపోయిన నటులు తక్కువేం లేరు. కానీ ఆ గొంతు ఎలా తయారైందన్నది వేరే విషయం.

అది ఇళ్లలో తయారైంది. సురభి వాళ్లనే చూడండి. తోలుబొమ్మలాట ఆడుకునే కుటుంబాలు. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్లో, వనారస గోవిందరావు గారి నాయకత్వంలో, బొమ్మలు పక్కన పెట్టి మనుషులే స్టేజి ఎక్కి కీచకవధ ఆడారు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజుల్లో వీళ్ల దగ్గర ఆడవాళ్లే ఆ వేషాలు వేశారు. పిల్లలు నడక నేర్చుకునే వయసుకే స్టేజి మీద ఉంటారు. మాయాబజార్‌లో లడ్డూలు గాల్లోంచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లే ట్రిక్ చూశారా? తెర వెనక ఆ తాడు లాగేది ఇంట్లో మనిషే. పద్యం కూడా అంతే, అమ్మ పాడుతుంటే విని వచ్చేస్తుంది. సిలబస్ అనేదే లేదు.

ఇంకోవైపు కాలేజీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు స్కూల్ ఉంది, అందులో థియేటర్ ఆర్ట్స్ పీజీ రెండేళ్లు. ఆ రెండేళ్లలో నటన, డైరెక్షన్, లైటింగ్, మేకప్, ప్రపంచ నాటకం అన్నీ పట్టాలి. ఇంట్లో ఇరవై ఏళ్లలో వచ్చే గొంతు రెండేళ్లలో ఎక్కడి నుంచి వస్తుంది? కాలేజీని తప్పుపట్టి లాభం లేదు.

ఇక్కడ తమాషా ఏంటంటే, ఆ యూనివర్సిటీ, సురభి కాలనీ రెండూ శేరిలింగంపల్లి వైపే ఉన్నాయి. ఒకచోట నాటకం నేర్పుతారు, ఇంకోచోట పాడటం తెలిసిన ఇళ్లున్నాయి. ఆ ఇళ్ల పిల్లలు మాత్రం నాటకంతో ఇల్లు గడవక వేరే ఉద్యోగాలు చూసుకుంటున్నారు. ఎవర్నని ఏమంటాం?

కలిస్తే ఏమవుతుందో ఒకసారి రుజువైంది. 1990ల్లో బి.వి. కారంత్ గారు సురభి వాళ్లతో పనిచేశారు. కన్నడ మనిషి, నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకి డైరెక్టర్‌గా చేసినవారు, నాటక సంగీతంలో దిట్ట. పౌరాణికాలు ఆడే సురభితో బ్రెహ్ట్ నాటకం వేయించారు. జర్మన్ నాటకం కాస్తా "బస్తీ దేవత యాదమ్మ" అయిపోయింది. ఆ పేరు వింటేనే మన గల్లీలో జరిగిన కథ అనిపించట్లేదా? స్కూల్లో చదివినాయన, ఇంట్లో నేర్చుకున్నవాళ్లు, ఇద్దరూ ఒకే రిహార్సల్‌లో కూర్చున్నారు. అలాంటిది ఏటా ఒక స్టూడెంట్ బ్యాచ్‌కి దొరికితే చాలు, ఆ అమ్మాయి యూట్యూబ్ వెతుక్కోవాల్సిన పని ఉండదు.

స్టూడెంట్ నాటకమే కదా అని తీసిపారేయకండి. 1880లో రాజమండ్రికి ధార్వాడ నాటక సమాజం వచ్చి, ఆడి, వెళ్లిపోయింది. వాళ్లు వదిలిన పాకల్లోనే కందుకూరి వీరేశలింగం గారు నాటకాలు వేయించారు. నటులెవరు? ఆయన దగ్గర చదువుకునే పిల్లలు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 16నే ఇప్పుడు తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నాం.

ఇప్పుడు సికింద్రాబాద్ వాళ్లకి పని. లింగంపల్లి ఎంఎంటీఎస్ ఎక్కండి. చివరిదాకా వెళ్తే యూనివర్సిటీ వైపు, సురభి వైపు. బేగంపేటలో దిగి నాంపల్లి వెళ్లే లోకల్ పట్టుకుంటే లక్డీకాపూల్ దగ్గర రవీంద్రభారతి. ఇంకా ముందుకెళ్తే నాంపల్లి, అక్కడి నుంచి ఆబిడ్స్‌లో గోల్డెన్ థ్రెషోల్డ్ దగ్గరే. అది సరోజినీ నాయుడు గారి ఇల్లు, 1974లో సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లోనే.

సెమిస్టర్ చివర్లో డిపార్ట్‌మెంట్ల నాటకాలు వరసగా ఉంటాయి. ఒక్కోటి రెండు మూడు రాత్రులే, ఓటీటీలో రాదు. తేదీలు స్టూడెంట్ల పేజీల్లోనే పడతాయి, ఫాలో అవ్వండి. బాగోకపోతే బాగోలేదని వాళ్ల మొహం మీదే చెప్పండి, వాళ్లకి కావాల్సింది కూడా అదే. ఫోన్ మాత్రం జేబులో. అన్నట్టు, నాటకాలు చెప్పిన టైమ్‌కి మొదలవ్వవు. తిరిగొచ్చే ఆఖరి లోకల్ ఎప్పుడో ముందే చూసుకుని వెళ్లండి, నేను ఆ రోజు మిస్సయ్యి ఆటోకి బాగానే వదిలించుకున్నా.