అంతర్జాలపు బడి యిల్లు మాఱుట



ఇల్లు మాఱుట యన నేమో మీకు నేను చెప్పవలసిన పని లేదు. క్రొత్త యింట పాలు పొంగించుటకు ముందే, ధాన్యపు బస్తాలు ఏ బండిలో ఎక్కవలెనో, దస్తావేజుల పెట్టె ఎవరి చేతిలో నుండవలెనో ఇంటి పెద్ద యోచించుకొనును. పాత యింటి తాళపుచెవిని ఆ దినముననే అప్పగింపడు. అటకమీద ఏదైన మిగిలినదేమో యని మఱునాడు పోయి చూచి వచ్చును. ఈనాడు నేను చెప్పబోవునది అట్టి యింటి మార్పును గుఱించియే. కాని మాఱినది ఇటుకలతో కట్టిన యిల్లు కాదు. ఒక పాఠశాలవారి అంతర్జాలపు బడి.

ఆ పాఠశాల హైదరాబాదునకు తూర్పుభాగమున, దిల్‌సుఖ్‌నగర్‌కును ఎల్.బీ.నగర్‌కును నడుమ నొక సందులో నున్నది. దాని పేరు చెప్పను. నేను దాని నిర్వాహక సంఘములో నొక సభ్యుడను. ఆ ప్రాంతమును మీలో పెక్కుమంది యెఱుగుదురు. విజయవాడ రహదారి వెంట వచ్చువారికి నగరము ఎల్.బీ.నగర్‌తోనే కనబడనారంభించును. 2018 సెప్టెంబరు 24వ తేదీన అచ్చటినుండి అమీర్‌పేటకు మెట్రో రైలు నడచినది. దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములలో మీ పిల్లలో, మీ బంధువుల పిల్లలో ఉండి చదువుకొనుచుండవచ్చును. కనుక ఈ సంగతి మీకు దూరమైనది కాదు.

2020 మార్చి మాసాంతమున దేశమంతట లాక్‌డౌను వచ్చినపుడు బడులు మూతపడినవి. ఆ యేడు సెప్టెంబరు 1వ తేదీనుండి మన రాష్ట్రమున టీశాట్ ద్వారమునను, దూరదర్శన్ యాదగిరి ద్వారమునను పాఠములు ప్రసారము చేసిరి. మా పాఠశాలవారు దానికి తోడుగా అంతర్జాలములో ఒక బడి నెలకొల్పిరి. ఉపాధ్యాయుడు పాఠమును అందులో ఉంచును. విద్యార్థి ఫోనులో చదివి జవాబు వ్రాయును. ఉపాధ్యాయుడు దిద్ది గుణములు వేయును. 2021 సెప్టెంబరులో పిల్లలు మరల బడికి వచ్చిరి. ఐనను ఆ అంతర్జాలపు బడిని మేము మూయలేదు. జ్వరము వచ్చి మంచమెక్కిన పిల్లవాడును, నాట్లవేళ ఊరికి పోయిన పిల్లయు దానిని తెఱచి, తప్పిపోయిన పాఠము చదువుకొనుచుండిరి.

ఆ బడి నడచుటకు వాడిన సాధనము పేరు మూడిల్. దానిని నిర్మించినవాడు మార్టిన్ డౌగియామాస్ అను ఆస్ట్రేలియా దేశస్థుడు. బాల్యమున ఆయన పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఎడారిసీమలో నివసించెను. దరిదాపుల బడి లేనందున అట్టి పిల్లలకు ఆ దేశమువారు రేడియో ద్వారా పాఠములు చెప్పుచుండిరి. రేడియోలో చదువు విన్న ఆ బాలుడు పెరిగి పెద్దవాడై, 2002లో మూడిల్ మొదటి కూర్పును లోకమునకు విడుదల చేసెను. దానిని ఎవరైనను మూల్యము లేక తీసికొని వాడుకొనవచ్చును, తమ యవసరమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. కాని సాధనము ఉచితమైనను, అది కాపురముండు చోటునకు అద్దె ఉచితము కాదు. మా చిక్కు అచ్చటనే మొదలైనది.

అంతర్జాలములో కనబడు ప్రతిదియు ఎచ్చటనో యొక కంప్యూటరులో నుండవలెను. దానిని సర్వరు అందురు. మొదట మేము మా బడికొఱకే ప్రత్యేకముగా నొక భాగమును అద్దెకు తీసికొంటిమి. పిల్లలందఱు ఇంటినుండి చదువు దినములలో అది తగియే యుండెను. పిమ్మట వాడుక తగ్గినది. అద్దె మాత్రము తగ్గలేదు. ఆ సొమ్ము పిల్లల జీతములనుండి రావలసినదే. అందుచే ఉమ్మడి సర్వరునకు మాఱుదమని సంఘములో ప్రతిపాదన వచ్చినది.

ఉమ్మడి సర్వరనగా నేమి? దిల్‌సుఖ్‌నగర్‌లోని వసతిగృహము నొకదానిని తలచుకొనుడు. భవన మొక్కటి, మెట్లొక్కటి, మిద్దెమీది నీళ్ల ట్యాంకు ఒక్కటి. గదులు మాత్రము వేఱువేఱు. ఖర్చు పదిమంది పంచుకొందురు కనుక అద్దె చౌక. కాని ఉదయము ఆఱు గంటలకు అందఱును స్నానమునకు దిగినచో కొళాయిలో నీరు సన్నగిల్లును. ఉమ్మడి సర్వరుకూడ అట్టిదే. ఒకే కంప్యూటరులో పెక్కుమంది కాపురముందురు. ఎవరి గదికి వారు తాళము వేసికొందురు గాని, యంత్రము యొక్క శక్తి అందఱకు ఉమ్మడి. ఎంత చోటు, ఎన్ని ఫైళ్లు, ఒక్కసారి ఎంత పని యని యజమాని హద్దులు గీచును. ఏడాది పొడవునను నిదానముగా నడచు చిన్న బడికి అది చాలును. ఒక్క గంటలో వందలమంది కలిసి పరీక్ష వ్రాయుటకు చాలదు. ఈ భేదము తెలిసికొనకుండ చౌకయని దుముకువారు చిక్కులలో పడుదురు.

మాలో దీనికి అడ్డు చెప్పినవారు మా తెలుగు పండితులు. ఆయన కంప్యూటరునకు విరోధి కారు. ఏబది యేండ్లు దాటిన పిమ్మట టైపు నేర్చుకొని, మూడేండ్లు రాత్రులు మేలుకొని, ఆఱవ తరగతినుండి పదవ తరగతివఱకు వ్యాకరణ పాఠములన్నియు తన చేతితో కొట్టి అందులో నుంచిరి. “రూపాయలు మిగులుట మంచిదే, కాని నా పాఠములు దారిలో పోయినచో ఎవరు తెచ్చి యిత్తురు?” అని వారడిగిరి. ఆ ప్రశ్నకు జవాబు దొఱకువఱకు తీర్మానము చేయరాదని సంఘము నిర్ణయించెను. అది మంచి నిర్ణయమని పిదప తెలిసినది.

జవాబు వెదకబోగా మొదట తెలిసిన సంగతి యిది. అంతర్జాలపు బడిలో మూడు భాగములు గలవు. మొదటిది మూడిల్ సాధనము; పోయినను మరల తెచ్చుకొనవచ్చును. రెండవది డేటాబేసు అను పెద్ద పద్దు. పిల్లల పేర్లు, గుణములు, జవాబులు, పాఠముల వ్రాత, అన్నియు అందులోనివే. మూడవది బొమ్మలు, పత్రములు మొదలగు ఫైళ్ల కొట్టు. ఆ కొట్టులో ఫైళ్లు తమ పేర్లతో నుండవు. ప్రతిదానికి అక్షరములు, అంకెలు కలిసిన యొక పొడవైన గుర్తును మూడిలే పెట్టుకొనును. ఏ గుర్తు ఏ పాఠమునకు చెందినదో పద్దులో మాత్రమే వ్రాసియుండును. పహాణీ పుస్తకము పోయి, సర్వే నంబరు రాళ్లు మాత్రము చేలలో మిగిలినయెడల ఏమగునో మీరూహింపగలరు. కనుక పద్దును, కొట్టును ఒకే సమయమున నకలు తీయవలెను. ఒకటి నిన్నటిది, ఒకటి నేటిది యైనచో లెక్క కుదురదు. నకలు తీయుచున్నంతసేపు బడి తలుపులు మూసియుంచవలెను. లేకున్న ఆ నడుమ నొక పిల్ల వ్రాసిన జవాబు పాత యింటనే ఉండిపోవును. మఱియొకటి, ఆ ఫైళ్ల కొట్టును వీథి వైపు గదిలో ఉంచరాదు. పరులు నేరుగా తెఱచి చూడలేని లోపలి చోట నుంచవలెను.

రెండవ సంగతి మమ్ము సిగ్గుపఱచినది. బడికి అంతర్జాలములో నొక పేరుండును. ఆ పేరు ఎవరో యొకరి పేర నమోదై యుండును. మా బడి పేరు ఎవరి పేర నున్నదని విచారింపగా, మొదట దానిని కట్టియిచ్చిన మనిషి పేర నున్నట్లు తేలినది. మేము ఏటేట రుసుము కట్టుచునే యున్నాము. పట్టా మాత్రము పరునిది! ఆయన మంచివాడగుటచే, కొంత తిరుగుడు తిరిగినపిమ్మట పాఠశాల పేర మార్చి యిచ్చెను. అట్లు ఈయకున్నయెడల మా పేరును మాకు కాకుండ పోయెడిది. భూమి కొనువాడు మొదట పట్టా ఎవరిదని అడుగును. చదువుకొన్న మేము ఆ మాట అడుగమఱచితిమి.

దసరా సెలవులలో మార్పు ఆరంభించితిమి. క్రొత్త చోట అన్ని వసతులు ఉన్నవో లేవో ముందే చూచుకొంటిమి. 2024 అక్టోబరులో వెలువడిన మూడిల్ 4.5 కూర్పునకు పీ.హెచ్.పీ. 8.1 గాని అంతకు పై కూర్పు గాని ఉండవలెను. ఉమ్మడి సర్వరు యజమానులలో కొందఱు పాత కూర్పులనే ఉంచుదురు గనుక ఈ మాట ముందుగా అడిగితీరవలెను. మొదటి నకలును క్రొత్త చోట దింపి, మా పండితులను పిలిచి చూడుమని కోరితిమి. ఆయన తన సంధి పాఠమును తెఱచిరి. అందులో నొక్క తెలుగు అక్షరము లేదు. పుటనిండ ప్రశ్నార్థక చిహ్నములు! ఇంగ్లీషు పాఠములు, లెక్కలు చెక్కుచెదరక నున్నవి. తెలుగు మాత్రము పోయినది. ఆయన ఒక్క మాటయు అనక కుర్చీలో వెనుకకు వాలిరి.

దీనికి కారణము చెప్పెదను. కంప్యూటరు అక్షరములను అంకెలుగా దాచుకొనును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక గడి చాలును. నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు వర్ణమునకును, గుణింతపు గుర్తునకును మూడేసి గడులు కావలెను. మేము పద్దును క్రొత్త చోట దింపునపుడు లిపి పద్ధతిని సరిగా చెప్పలేదు. ఆ యంత్రము పాశ్చాత్య లిపులకు మాత్రమే సరిపోవు పాత పద్ధతిని పట్టుకొని, తనకు తెలియని ప్రతి యక్షరమునకు ప్రశ్నార్థకము వేసెను. అట్లు మాఱినదానిని మరల తెలుగుగా మార్చు ఉపాయము లేదు. ఐనను మాకు నష్టము రాలేదు. పాత యిల్లు ఇంకను చెక్కుచెదరక నిలిచియున్నది. ఆ క్రొత్త నకలును చెఱిపివేసి, లిపి పద్ధతిని మొదటనే యూటీఎఫ్-8 యని నిర్ణయించి, మరల దింపితిమి. పండితులు ఆ రాత్రి పదునొకండు గంటలవఱకు కూర్చుండి, తరగతి తరగతికి ఒక్కొక్క పాఠమును తెఱచి చూచిన పిమ్మటనే ఇంటికి పోయిరి. పాత అద్దె మిగులునని ముందుగనే దానిని ఖాళీచేసి యుండినచో, ఆ మూడేండ్ల శ్రమ ఒక్క పూటలో మాసిపోయెడిది.

కడపటి పని చిరునామా మార్పు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టునకు బత్తాయిలు, మామిడికాయలు తోలిన రైతులు మీలో నుందురు. 2021, 2022 సంవత్సరములలో ఆ వ్యాపారము బాటసింగారమునకు తరలినది. పేరు విని పాత చోటికి పోయినవానికి అచ్చట బేరము దొఱకదు. అంతర్జాలమునందును ఇట్లే జరుగును. పేరు అదియే యైనను, ఆ పేరు చూపు చోటు మాఱును. పాత చోటును గుర్తుపెట్టుకొన్న యంత్రములు కొన్ని గంటలు, ఒక్కొక్కప్పుడు ఒకటి రెండు దినములు, పాత దారినే చూపుచుండును. అందుచే పాత బడి గుమ్మమున “బడి తరలుచున్నది, ఎల్లుండి రండు” అని ప్రకటన కట్టి, ఒక మాసమువఱకు పాత అద్దెయు, క్రొత్త అద్దెయు రెండును భరించితిమి.

లాభనష్టములు దాచక చెప్పవలెను. అద్దె బాగుగా తగ్గినది. కాని అర్ధసంవత్సర పరీక్షల ముందు తొమ్మిదవ తరగతివారందఱు ఒకేసారి అభ్యాస పరీక్షకు కూర్చుండగా, పుట తెఱచుకొనుటకు చాల ఆలస్యమైనది. కొందఱకు తెఱచుకొననే లేదు. అటుపిమ్మట వారిని జట్లుగా విభజించి, జట్టునకొక గంట నియమించితిమి. గుణములు లెక్కకు వచ్చు పరీక్షలను కాగితముపైననే జరుపుచున్నాము. వీడియోలను అందులో ఉంచుట మానితిమి. చిన్న యింట కాపురము చేయువాడు సామాను తగ్గించుకొనవలెను గదా.

ఇక మీకు నా మనవి. మీ పిల్లలు చదువు బడి పట్టణముననున్నను, పల్లెయందున్నను, వారి పేరు, వయస్సు, గుణములు నేడు ఎచ్చటనో యొక యంత్రములో నున్నవి. 2023లో చేసిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారము విషయమున తలిదండ్రుల సమ్మతిని ముఖ్యముగా నిలిపినది. కనుక బడివారిని అడుగుట మీ హక్కు. బడి పేరు ఎవరి పేర నున్నది? నకలు ఎన్ని దినములకొకసారి తీయుచున్నారు? ఆ నకలును సర్వరులోనే కాక వేఱొక చోటకూడ దాచుచున్నారా? దానినుండి బడిని మరల నిలుపవచ్చునని ఎప్పుడైన దింపి చూచినారా? తాళములు ఎందఱి చేతులలో నున్నవి? ఈ ప్రశ్నలడుగుటకు కంప్యూటరు తెలియనక్కఱలేదు. ఇంటి పెద్దరికము చాలును.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి యింట ఆరంభమైనది. తెలుగు పుస్తకములకు మొదట ఒక దాత యింటి గది నీడయైనది. ఆ నీడను నిలిపినది గోడలు కావు, పుస్తకములను లెక్కపెట్టి కాపాడినవారి శ్రద్ధ. నేటి పాఠములకు గోడలు లేవు, వాటికి కావలసిన శ్రద్ధ మాత్రము అదియే. మా పండితులు ఇప్పటికిని ప్రతి శనివారము సాయంకాలము నకలు తీసిరా యని అడిగి, తీసితిమని విన్న పిమ్మటనే గొడుగు చేతబట్టుకొని బయలుదేరుదురు.

సెలవు.