వయ్యారిభామ

గ్రామపెద్దలారా!

పేరు వయ్యారిభామ; గుణము విషము. అమెరికా ఖండములనుండి వచ్చిన యీ కలుపు 1955వ సంవత్సరమునఁ బుణెయొద్ద గుర్తింపఁబడి, పిదప దేశమెల్ల వ్యాపించెను. త్రవ్విన బాటప్రక్కలను, బీళ్లను ముందుగా నాక్రమించును. ఒక్క మొక్క వేలకొలఁది విత్తనములు రాల్చును. తాఁకినఁ గొందఱికిఁ జర్మరోగము, పుప్పొడి పీల్చిన నుబ్బసము కలుగును.

పూచి ముదిరిన పిదపఁ బెఱికి పాఱవేయుట విత్తనములు చల్లుటయే. పైపైనఁ గోసినను మరలఁ జిగుర్చును. కావున వానకు నేల మెత్తఁబడినప్పుడు, పూతకు ముందే, చేతికి గుడ్డ చుట్టుకొని వేళ్లతోఁ బెఱుకవలెను.

అంతటితోఁ బని ముగియదు. వట్టినేల కలుపునకుఁ బిలుపు. అచటఁ దగిరిస విత్తనములు చల్లుఁడు; అది దట్టముగాఁ బెరిగి దీని నణఁచును.

ఎవని చేను వాఁడు బాగుచేసికొని ఊరిబాటను విడిచినచో, ఆ విత్తనములే మరలఁ జేనికి వచ్చును. తొలకరి పిమ్మట నొకదినము ఊరంతయు నీ పనికిఁ గదలునట్లు మీరే కట్టడి చేయవలెను.